'ఎం' ముద్ర పడ్డ వాల్వు

1943 నవంబరు, బెర్లిన్. సైరన్లు ఆగాయి, మంటలు ఆగలేదు. ఆ నెల వైమానిక దాడుల్లో తగలబడ్డ భవనాల్లో గేయార్గ్ నాయ్‌మన్ మైకుల కర్మాగారం ఒకటి. కండెన్సర్ మైకును ప్రయోగశాల గడప దాటించి, 1928లో అమ్మకానికి పెట్టిన మనిషి ఆయన. పదిహేనేళ్ల కష్టం ఒక్క దాడితో బూడిదపాలైంది.

దక్కిన సామానుతో, పనివాళ్లతో గెఫెల్ అనే చిన్న ఊరికి తరలిపోయారు. యుద్ధం ముగిసేసరికి ఆ ఊళ్లోకి ముందు అమెరికన్లు వచ్చారు. వాళ్లు వెళ్లగానే సోవియట్ సైన్యం దిగింది. నాయ్‌మన్ పశ్చిమ బెర్లిన్‌కు తిరిగొచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. గెఫెల్‌లో ఉండిపోయినవాళ్లూ మైకులు చేస్తూనే వచ్చారు. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ లేచినా విద్య రెండు చోట్లా బతికింది.

1949లో బెర్లిన్ నుంచి యు 47 అనే మైకు వచ్చింది. బరువు ముప్పాతిక కిలోకి కాస్త తక్కువ. జాలీ లోపల ఎం 7 అనే క్యాప్సూల్ ఉంటుంది. ఇత్తడి బిళ్ల మీద, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పల్చటి పీవీసీ పొర, ఆ పొర మీద బంగారు పూత. గొంతు తగలగానే పొర కదులుతుంది. పొరకీ బిళ్లకీ మధ్య ఎడం మారుతుంది, దాంతో పాటే విద్యుత్ సంకేతం పుడుతుంది. అది ఎంత బలహీనమంటే, తీగలో నాలుగడుగులు కూడా క్షేమంగా పోలేదు. అందుకే క్యాప్సూల్ కిందే ఆ సంకేతాన్ని పెంచే వాల్వు అమర్చారు.

అసలు కథ ఆ వాల్వుదే. టెలిఫుంకెన్ కంపెనీ రేడియోల కోసం చేసిన వీఎఫ్ 14 అది, ఉక్కు తొడుగుతో ఉంటుంది. 55 వోల్టులకు తయారైన దాని ఫిలమెంటుకు నాయ్‌మన్ మనుషులు నలభై లోపే ఇచ్చారు, ఎక్కువ కాలం మన్నుతుందని. కానీ రేడియోకు పనికొచ్చిన ప్రతి వాల్వూ మైకుకు పనికిరాదు. రేడియోలో వినపడని బుసబుస మైకులో గాయకుడి ఊపిరి పక్కనే కూర్చుంటుంది. అందుకని ఒక్కొక్క వాల్వునీ పరీక్షకు పెట్టేవారు. బుస ఉందా, పక్కకి. చిన్న కదలికకే మోగుతోందా, అదీ పక్కకి. నెగ్గినవాటి మీద 'ఎం' అక్షరం ముద్ర పడేది. మైకు ఎంపిక గాయకుడు స్టూడియోలో అడుగుపెట్టకముందే, ఆ బల్ల దగ్గరే మొదలైంది.

టెలిఫుంకెన్ ముద్రతోనే యు 47 సముద్రం దాటి అమెరికా చేరింది. హాలీవుడ్‌లోని క్యాపిటల్ స్టూడియోలో ఫ్రాంక్ సినాట్రా, నాట్ కింగ్ కోల్ దాని ముందు నిలబడ్డారు. లండన్ ఆబీ రోడ్‌లో బీటిల్స్ గొంతులు యు 47, దాని తోబుట్టువు యు 48 మీదుగానే టేపుకెక్కాయి.

1950ల చివరికి వీఎఫ్ 14 తయారీ ఆగిపోయింది. అప్పటినుంచి వాల్వు పోతే అలాంటిదే ఇంకొకటి దొరకడం కష్టమైంది. పీవీసీ పొరలు ఏళ్లు గడిచేకొద్దీ బిరుసెక్కాయి. ఒకే ఏడాది, ఒకే బల్ల మీద పుట్టిన రెండు యు 47లు ఇవాళ ఒకేలా పలకవు.

అయినా మన కుర్రాళ్లు హోమ్ స్టూడియోలకు లక్షలు పోసి మైకు కొంటున్నప్పుడు మోడల్ పేరూ, గ్రాఫూ చూసి తేల్చుకుంటున్నారు. నాకు మనసు చివుక్కుమంటుంది. గ్రాఫు అబద్ధం చెప్పదు, కానీ అది మీ గొంతు వినలేదు. రెండు మూడు మైకులు అద్దెకు తెచ్చుకోండి. ఒకే గదిలో, ఒకే దూరంలో, ఒకే చరణం పాడండి. వాల్యూమ్ సమానం చేసి, ఏది ఏ మైకో తెలియకుండా వినండి. కాస్త బిగ్గరగా ఉన్నదే బాగుందనిపించడం చెవికి సహజం. అందుకే ఆ సమానత్వం తప్పనిసరి. 'స', 'ష' పలికేచోట చెవి పెట్టండి. ఖరీదైన మైకు కూడా చాలా గొంతులకు అక్కడే పొసగదు.

2011. క్యాపిటల్ స్టూడియో. డెబ్బయ్యేళ్లకు దగ్గరపడిన బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్నీ పాత పాటలు పాడడానికి వచ్చాడు. చాలా పాటలకు చేతిలో గిటారు లేదు, పియానో ముందు కూర్చోలేదు. ఇంజినీరు ఆల్ ష్మిట్. న్యూయార్క్‌లో తండ్రి సోదరుడి స్టూడియోలో పని నేర్చిన మనిషి. ఈక్వలైజర్ మీటలు తిప్పి గొంతును సరిచేయడం ఆయన పద్ధతి కాదు. తగిన మైకు పెట్టు, తగినచోట పెట్టు, అంతే. ఆ రోజుల్లో మెకార్ట్నీ పాడింది నాట్ కింగ్ కోల్ వాడిన యు 47 ముందు. చిన్నప్పుడు రేడియోలో విన్న గొంతు ఏ జాలీ గుండా వచ్చిందో, ఆ జాలీ ముందే నిలబడ్డాడు. 'కిసెస్ ఆన్ ద బాటమ్' 2012 ఫిబ్రవరిలో విడుదలైంది. ఆ ఆల్బమ్‌లో ఆయన గొంతు వయసు దాచుకోలేదు. అంచుల్లో సన్నటి జీర, పదం చివర ఆగే ఊపిరి అన్నీ వినపడతాయి. ష్మిట్ వాటిని అలాగే వదిలేశాడు.