ఆవు ఎదకొస్తే సెల్‌ఫోన్‌కు మెసేజ్!

తిరువూరు: ఆవు ఎదకొచ్చినా గమనించకపోతే పాడి రైతు దాదాపు 21 రోజులు ఆగాల్సిందే. ఈలోగా మేత ఖర్చు తప్పదు, ఈత వెనక్కి పోతుంది. ఎన్టీఆర్ జిల్లా తిరువూరు లాంటి చోట్ల రైతులు అరుపులు, తీగలు చూసి ఎదను గుర్తిస్తారు. అయితే ఎద ఉండేది సుమారు 12 నుంచి 18 గంటలే. రాత్రిపూట మొదలైతే తెలియకుండానే దాటిపోతుంది.

ఈ ఇబ్బందికి ఎలక్ట్రానిక్ పరికరాలొచ్చాయి. కాలికి పెడోమీటర్ లేదా మెడకు సెన్సర్ బెల్టు కడతారు. ఎదలో ఉన్న ఆవు ఎక్కువగా తిరుగుతుంది, నెమరు తగ్గిస్తుంది. ఈ తేడాను సెన్సర్ పసిగట్టి సెల్‌ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. బెంగళూరుకు చెందిన స్టెల్లాప్స్ సంస్థ ఇలాంటి పరికరాన్నే 'మూఆన్' పేరుతో తెచ్చింది.

అయితే రోజంతా కట్టేసి ఉంచే పశువుల్లో నడకను లెక్కించే పరికరం అంతగా పనిచేయదు. ఒకటి రెండు ఆవులున్నవారికి ఖర్చు గిట్టకపోవచ్చు. మూగ ఎద ఎక్కువగా ఉండే గేదెల్లో గుర్తించడం మరింత కష్టం.

మెసేజ్ వచ్చాక పశువైద్య సిబ్బందితో నిర్ధారించుకోవాలి. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం కృత్రిమ గర్భధారణ చేయించాలన్నది పాత లెక్క. పరికరం ఉన్నా ఆ లెక్క మారదు.