వియ్యపురాళ్ల వైద్యం

నా పెళ్లయిన కొత్తలో జనగామలోని మా ఇంట్లో రెండు వైద్యాలు నడిచేవి. మా అమ్మ బెజవాడ నుంచి వచ్చిందంటే ఆవిడ సంచీలో అమృతాంజనం ఉండాల్సిందే. మానుకోటలో పుట్టిన మా అత్తగారి అల్మారాలో జిందా తిలిస్మాత్. (మహబూబాబాదు అని కాగితాల మీద రాస్తారుగాని మా అత్తగారికి అది ఎప్పటికీ మానుకోటే.) నాకు తలనొప్పి వచ్చిందా, వియ్యపురాళ్లిద్దరికీ పోటీ! ఒకావిడ నుదుటికి పచ్చగా పట్టించేది. ఇంకొకావిడ "గది రాస్తె ఏమైతది బిడ్డా, గిది రెండు సుక్కలు చాయ్‌ల ఏస్కొని తాగు" అనేవారు. తలనొప్పి మందుకు తగ్గేదో, వాళ్లిద్దరికీ జడిసి పారిపోయేదో మరి!

ఆ రెండు సీసాల వెనక ఎంత కథ ఉందో అప్పుడు తెలీదు. కృష్ణాజిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి అలవాటు చేశారట. ఆ రాబడే 1908లో 'ఆంధ్రపత్రిక'కూ, 1924లో 'భారతి'కీ ఊపిరి పోసింది. తలనొప్పి మందు మీద సాహిత్యం బతికిందన్నమాట! జిందా తిలిస్మాత్‌ను హైదరాబాదులో 1920లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ తయారుచేశారు. పేరుకు అర్థం సజీవమైన మాయ అని. అట్టపెట్టె మీద బొమ్మ నిజాం కొలువులోని ఆఫ్రికా సిద్దీ సైనికుడిది. ఆ సైనికులుండిన పేటను హైదరాబాదులో ఇప్పటికీ ఏ.సి. గార్డ్స్ అంటారు.

ఇక నిజాం రైలు 1889లో బెజవాడ చేరింది. జనగామా, మానుకోటా ఆ దారిలోవే. అటు హైదరాబాదు సరుకూ, ఇటు మద్రాసు సరుకూ వచ్చి మా ఇంట్లో కలుసుకున్నాయనుకోండి.

నవ్వొచ్చే సంగతేమిటంటే, రెండింట్లోనూ ఉన్నవి ఇంచుమించు చుట్టాలే. కర్పూరం, పిప్పరమెంటు పువ్వు, నీలగిరి తైలం. వియ్యపురాళ్లు ఇన్నేళ్లూ ఒకే మందు కోసం పోట్లాడుకున్నారు! ఇవి చల్లగా తోపించి బాధ మరిపిస్తాయి, ముక్కు తెరిపించినట్టు ఉంటుంది. రోగం మాత్రం కుదర్చవు. రెండేళ్లలోపు పిల్లలకు కర్పూరం ఉన్న మందు రాయకూడదు. అది కడుపులోకి పోతే ఫిట్స్ రావచ్చు. పసిపిల్లల ముక్కులో వేలితో రాసే అలవాటు మనలో చాలామందికుంది. మా అమ్మకూ ఉండేది.

చట్టం కూడా ఈ గృహవైద్యాన్ని కొంత ఒప్పుకుంది. 1945 నాటి ఔషధ నియమాల్లో 'కె' షెడ్యూలు అని ఒకటుంది. దాని ప్రకారం వెయ్యిమందికి మించని పల్లెలో కిరాణా కొట్టువాడు మందుల లైసెన్సు లేకుండానే కొన్ని అమ్ముకోవచ్చు. నొప్పి బామ్‌లు, ఆముదం, నీలగిరి తైలం, గ్రైప్ వాటర్, పారాసెటమాల్, ఆస్పిరిన్ బిళ్లలు అందులో ఉన్నాయి. 'హెచ్' షెడ్యూలు సంగతి వేరు, వాటికి డాక్టరు చీటీ కావాలి. అట్ట మీద నిలువుగా ఎర్రగీత కనబడితే అడిగి తెచ్చుకునే మందు కాదని గుర్తు.

జాబితాలో ఉంది కదా అని ధీమాగా ఉండటానికి లేదు. 1899లో బజారుకొచ్చిన ఆస్పిరిన్‌ను ఒకప్పుడు పిల్లల జ్వరానికీ వేసేవారు. విషజ్వరాల్లో అది పిల్లల కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీయవచ్చని 1980లలో తేలింది. డెంగీ అయితే రక్తస్రావం భయం. డెంగీ అనుమానముంటే పెద్దలకూ వద్దు.

నా మాటకేం గాని, మా ఆడపడుచు ఇంట్లో జరిగింది చెబుతాను. ఆవిడది భూపాలపల్లి, బొగ్గుగనుల ఊరు. వానాకాలంలో మూడేళ్ల మనవడికి జ్వరం, జలుబు. జ్వరానికో సిరప్పు, జలుబుకో సిరప్పు అడిగి తెచ్చి, రెండూ పట్టింది. ఫోన్ చేసినప్పుడు, "సీసాల మీది చిన్నక్షరాలు చదువు వదినా" అన్నాను. చదివింది. రెండింట్లోనూ పారాసెటమాలే! మోతాదు మించితే కాలేయానికి చేటు చేసే మందు, తెలియకుండా రెండింతలు పడుతోంది. జలుబు సీసాలో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కూడా ఉన్నాయి. ఆ రెండూ కలిపిన మందు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని సీసా మీద ముద్రించాలని 2023లో ప్రభుత్వం ఆదేశించింది.

"ఎన్ని రోజులైంది జ్వరం?" అన్నాను.

"నాలుగు. మందు పోస్తే తగ్గుతాంది, మళ్ల వస్తాంది" అంది.

అక్కడే నాకు గుండె జారింది. మందు పోసినప్పుడల్లా తగ్గుతోంది కాబట్టే ఎవరికీ రక్తపరీక్ష మాట తోచలేదు. ఆ సాయంత్రమే ఆస్పత్రికి తీసుకెళ్తే మలేరియా అని తేలింది. పిల్లాడు దక్కాడు, ఇప్పుడు బడికి పోతున్నాడు.

మా అత్తగారికి ఎనభై దాటాయి. ఆ సంగతి విన్నప్పటినుంచీ ఇంట్లోకి ఏ కొత్త సీసా వచ్చినా ముందు నా చేతిలో పెడతారు, "సిన్న అక్షరాలు సదువు" అని. జిందా తిలిస్మాత్ సీసా మాత్రం ముట్టనివ్వరు.