ఓడను నిలిపే చేతులు



మా కంచిలి నుండి సముద్రం కనబడదు గాని, సోంపేట మీదుగా బారువ దాకా పోతే అలల హోరు వినవచ్చు. ఈ ఉద్దానపు పల్లెల నుండి ఓడల మీద పనికి పోయిన కుర్రవాళ్ళున్నారు. వారిలో ఒకడు, నా పూర్వ విద్యార్థి, వాణిజ్య నౌకలో ఇంజను గది పనివాడు, సెలవు మీద వచ్చి నన్ను చూడవచ్చాడు. గోళ్ళ సందుల నల్లటి నూనె మరక ఇంకా పోలేదు.

"మాస్టారూ, మేం చేసే మెయింటెనెన్సు పనికి మన పాత పుస్తకాల్లో మాటేదైనా ఉందాండీ?" అన్నాడు. పరిహాసానికే అడిగి ఉంటాడు. నేను మాత్రం ఆ రాత్రి అమరకోశం తీశాను.

ప్రథమ కాండలోని వారివర్గంలో అమరసింహుడు తెడ్డుకూ చుక్కానికీ పేర్లు చెప్పి, వాటి చెంతనే మరి రెండు వస్తువులను పేర్కొన్నాడు. ఒకటి అభ్రి: ఓడకు పట్టిన మాలిన్యాన్ని గోకివేసే కొయ్యపార. రెండవది సేకపాత్రం: అడుగున చేరిన నీటిని తోడిపోసే పాత్ర. చిన్ననాడు వల్లె వేసినప్పుడు నాకు తట్టని సంగతి ఇది. ఓడను నడిపే సాధనాల పక్కనే ఓడను కాపాడే సాధనాలకూ కోశకారుడు సమానమైన చోటిచ్చాడు. మన చరిత్ర రచన అంతటి ఔదార్యం చూపలేదు.

శాతవాహన ప్రభువు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీది రెండు తెరచాపకొయ్యల ఓడను మనమందరం పాఠాల్లో చదువుకున్నాం. 1244 నాటి మోటుపల్లి శాసనంలో కాకతీయ గణపతిదేవుడు, తుపానుకు చితికి తీరానికి కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వరాజుల వలె అపహరించక, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటానని వర్తకులకు అభయమిచ్చాడు. చెడిన ఓడ గతి ఏమిటో ఆ శాసనం చెబుతుంది. చెడకుండా చూసిన వారెవరో ఏ శాసనమూ చెప్పదు.

మన తీరంలో పెద్ద ఓడలు దూరాన లంగరు వేసేవి. సరుకును ఒడ్డుకు చేర్చినవి మసులా పడవలు. వాటికి మేకులు లేవు. పలకలను కొబ్బరిపీచు తాటితో కుట్టేవారు. అలల తాకిడికి మేకు పట్టు వదలుతుంది, కుట్టు మాత్రం కొంచెం సాగి ఓర్చుకుంటుంది. కాని ఆ పీచు ఉప్పునీటికి కుళ్ళుతుంది, కుట్టు సడలుతుంది. సడలిన చోటల్లా విప్పి మళ్ళీ కుట్టవలసిందే. ఓడ ఎంత పెద్దదైనా ఈ ధర్మం మారలేదు. 1802లో కోరంగి వద్ద నౌకల మరమ్మతు కోసం రేవుగుండం కట్టినదీ ఇందుకే.

ఆవిరి యుగం వచ్చింది. 1856లో కలకత్తా-బర్మా మార్గానికై పుట్టి, 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా పేరు మార్చుకున్న సంస్థ ఓడల మీదనే మన వాళ్ళు వేలాదిగా రంగూనుకు పోయారు. పై అంతస్తున కూలికి పోయేవాళ్ళు, అడుగున ఇంజను గదిలో మరి కొందరు కూలీలు. వారిలో సరంగు పెద్ద, అతని కింద టిండాలు. నిప్పు చూసేవాడు ఆగ్‌వాలా, బొగ్గు మోసేవాడు కోయిలావాలా, నూనె పోసేవాడు తేల్‌వాలా. బాయిలరు లోపల ఉప్పు పెచ్చు పేరుకుంటే వేడి నీటికి అందదు. ఇనుప రేకు తానే ఎర్రగా కాలి ఉబ్బిపోతుంది. అందుకని రేవు చేరగానే చల్లారీ చల్లారని బాయిలరులో దూరి, సుత్తితో ఆ పెచ్చును రాల్చేవారు. అభ్రి రూపం మారింది, పని మారలేదు.

1917లో చిల్కా అనే ఆవిరి ఓడ అగ్నికి ఆహుతైనది మా బారువ దగ్గరే. దాని శిథిలాలు ఇప్పటికీ ఆ నీటి అడుగున ఉన్నాయి.

1912లో డెన్మార్కు ఓడ సెలాండియా డీజిలు ఇంజనుతో మహాసముద్రాలు దాటింది. బొగ్గు పోయింది, మసి పోలేదు. చిక్కని ఇంధనంలోని నీటినీ మట్టినీ గిరగిర తిప్పి వేరుచేసే యంత్రాన్ని విప్పి కడగాలి. సిలిండర్లకు గాలి అందించే గదిలో నూనె మసి చేరితే నిప్పంటుకుంటుంది, దాన్ని గోకాలి. విశాఖలో కట్టిన జల ఉషను 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించారని నేనే ఎన్నోసార్లు పాఠం చెప్పాను. ఆ తరువాత దాన్ని గోకి, కడిగి, నూనె పోసిన వారి మాట ఒక్కసారీ చెప్పలేదు.

1987లో హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ ముందు తలుపులు తెరిచి ఉండగానే బయలుదేరి బోల్తాపడింది. 193 మంది మరణించారు. ఆ దుర్ఘటన తరువాత రూపొందిన అంతర్జాతీయ భద్రతా నియమావళి 1998 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. దాని పదవ అధ్యాయమంతా ఓడ, పరికరాల నిర్వహణ గురించే. ప్రతి పనికీ గడువు, ప్రతి గడువుకూ రాత.

ఇక్కడే మా వాడు గొంతు తగ్గించాడు. తాను పనిచేసిన ఒక ఓడలో విప్పని పంపును విప్పినట్టు రాయమన్నారట. "రాయనన్నానండి. నన్ను మరి పిలవలేదు. తప్పు చేశానా మాస్టారూ?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తనిఖీ అధికారి వస్తాడనగా ముందురాత్రి కూర్చుని, చెప్పని పాఠాలకు పాఠ్యప్రణాళికలు రాసిన చేయి నాది. రిజిస్టరు నిండింది, పిల్లల బుర్ర నిండలేదు. అయినా నా బడి మునగలేదు కాబట్టి నా అబద్ధం బయటపడలేదు.

ఓడ విషయం అలా కాదు. 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో డాలి అనే ఓడ కరెంటు పోయి వంతెనను గుద్దుకుంది. వంతెన మీద పనిచేస్తున్న ఆరుగురు కార్మికులు మరణించారు. ఓడ సిబ్బందిలో అత్యధికులు భారతీయులే. 2025 నవంబరులో అమెరికా రవాణా భద్రతా మండలి తేల్చినదేమంటే, తీగకు తొడిగిన పేరుచీటీ అడ్డుపడి ఆ తీగ బిగువుగా కూర్చోలేదు. అది సడలగా మొదట దీపాలారిపోయాయి. అంత పెద్ద ఓడకు అంత చిన్న లోపం. మసులా పడవలో సడలిన కుట్టు వంటిదే.

"తప్పు చేయలేదు నాయనా," అన్నాను చివరకు. "అభ్రి పట్టవలసిన చేత కలం పట్టి పని అయిందనిపించడమే తప్పు. ఆ తప్పు నేను చేశాను, నువ్వు చేయలేదు."

వాడు నవ్వలేదు. అమరకోశంలోని ఆ రెండు మాటలనూ ఒక కాగితం మీద రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. వచ్చే నెల మరో ఓడ ఎక్కుతున్నాడు.