యంత్రక్రీడల తొలి రంగస్థలము

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున మాంచెస్టర్ అను పట్టణము కలదు. ఒకప్పుడు మెరిమాక్ నదీజలముల బలముచే నడిచిన నూలు మిల్లులకు ప్రసిద్ధి గాంచి, ఆ పరిశ్రమ క్షీణించిన పిదప కళావిహీనమైన ఆ పట్టణముననే, 1992లో, ఒక ఉన్నత పాఠశాల వ్యాయామశాలయందు, 28 విద్యార్థి బృందములు తాము నిర్మించిన యంత్రములను బరిలోనికి దింపి, నేడు దేశదేశముల వ్యాపించిన ఫస్ట్ రోబో పోటీలకు నాంది పలికినవి.

ఫస్ట్ సంస్థను 1989లో స్థాపించినవాడు డీన్ కామెన్ అను యంత్రనిర్మాత. క్రీడాకారులకు లభించు జయధ్వానములు శాస్త్రజ్ఞులకును లభింపవలెనని ఆయన ఆశయము. అయినను పోటీ స్వరూపమునకు మూలము వేఱొకచోట నున్నది: మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఆచార్య వుడీ ఫ్లవర్స్ 1970వ దశకమునందే తన విద్యార్థులకు ఒకేవిధమగు చిల్లర సామగ్రి నొసగి, దానితో యంత్రము గట్టి పరస్పరము పోటీపడుడని నియమించియుండెను. ఆ పద్ధతియే పాఠశాలలకును సంక్రమించెను. సామగ్రి పెట్టె ఒకటి. 2019 వరకు గడువు ఆరు వారములుగా నుండెను. ఇంజనీరులు విద్యార్థుల సరసన నిలిచి పనిచేయుదురు. ఈ సాహచర్యమే నా దృష్టిలో సర్వోత్కృష్టము. ఏలయన శిల్పవిద్య గురువు చేతిపనిని చూచి నేర్వవలసినదే గాని, కేవల గ్రంథపఠనముచే సిద్ధించునది కాదు.

జట్టును నెలకొల్పుటకంటె నిలుపుట కష్టము. ఆరితేఱినవారు ఏటేట చదువు ముగించి వెడలిపోవుదురు; ధనసహాయమును ఏటేట నర్థింపవలసియుండును. ఇట్టి కష్టముల నడుమను, ప్రత్యర్థికి పరికరము కొఱవడినచో తమది యిచ్చి ఆదుకొనుట ఈ పోటీలలో సదాచారము. దానిని నేర్పినవాడు 2019లో దివంగతుడైన ఫ్లవర్సే.

జట్టు నెలకొల్పదలచిన ఉపాధ్యాయులారా, యంత్రసామగ్రికంటె ముందుగా, పిల్లలతో సాయంకాలములు గడుపగల ఒక ఇంజనీరును వెదకుకొనుడు.