ప్రతిధ్వనుల్లోంచి ఆకారం

రాడార్‌ది కెమెరా చూపు కాదు. పంపిన తరంగం వస్తువును తాకి తిరిగొచ్చాక తెలిసేది మూడే: ఎంత దూరం పోయొచ్చింది, ఏ దశలో తిరిగొచ్చింది, ఎంత బలంతో తిరిగొచ్చింది. ఆకారాన్ని గణితమే కట్టాలి. ఆ గణితం బరువు ఎలా దించుకున్నారన్నదే ఈ విద్య చరిత్రలో అసలు కథ.

మూలసూత్రం 1951 నాటిది. అమెరికాలో గుడ్‌ఇయర్ ఎయిర్‌క్రాఫ్ట్ ఇంజనీరు కార్ల్ వైలీ, కదిలే విమానానికి అందే ప్రతిధ్వనుల్లోని డాప్లర్ తేడాలను (కదలిక వల్ల పౌనఃపున్యంలో వచ్చే మార్పులను) విడదీస్తే చిన్న యాంటెన్నాతోనే సన్నని వివరం రాబట్టవచ్చని గ్రహించాడు. దారి పొడవునా పోగైన ప్రతిధ్వనులన్నీ కలిసి ఒక భారీ యాంటెన్నా పని చేస్తాయి. అదే సింథటిక్ అపర్చర్ రాడార్.

ఆ ప్రతిధ్వనులను కలిపే సత్తా ఉన్న కంప్యూటర్ ఆనాడు లేదు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో లూయిస్ కట్రోనా, ఎమెట్ లీత్ బృందం ప్రతిధ్వనులను ఫిల్మ్ మీదికి ఎక్కించి, దానిగుండా కాంతిని పంపి, లెన్సుల చేత లెక్క చేయించింది. 1957కల్లా స్పష్టమైన బొమ్మలు వచ్చాయి. ఎంత అందమైన ఆలోచన! లీత్ హోలోగ్రఫీకి చేరింది కూడా ఈ దారినే. 1978లో సీశాట్ ఉపగ్రహం సమాచారంతో కెనడా సంస్థ మెక్‌డొనాల్డ్ డెట్‌విలర్ కంప్యూటర్ మీద బొమ్మ కట్టినప్పుడు, ఒక్కదానికే దాదాపు 40 గంటలు పట్టింది.

అది చదునైన బొమ్మ. లోతు కూడా కావాలంటే? పొడవు, వెడల్పు, లోతులకు వందేసి గళ్లనుకుంటే మొత్తం 10 లక్షల బిందువులు. యాంటెన్నాను నిలువునా అడ్డంగా జరుపుతూ 10 వేల చోట్ల నుంచి విన్నామనుకుందాం. ప్రతి బిందువుకూ ప్రతి చోటి ప్రతిధ్వనినీ వెతికి కూడాలి. అంటే 1,000 కోట్ల కూడికలు. ఈ పద్ధతి పేరు బ్యాక్‌ప్రొజెక్షన్.

ఈ లెక్కల బరువుకు విరుగుడు చమురు బావుల వాళ్ల దగ్గర దొరికింది. భూమి పొరల నుంచి వచ్చే ప్రతిధ్వనులను సరైన చోటికి చేర్చేందుకు ఆ రంగ పరిశోధకుడు స్టోల్ట్ 1978లో ఒక ఉపాయం ప్రచురించాడు. బిందువు బిందువుకూ కూడకుండా, ప్రతిధ్వనులన్నిటినీ ఫోరియర్ పరివర్తనతో పౌనఃపున్యాలుగా విడదీసి, వాటిని కొత్త గళ్లలోకి సర్ది, వెనక్కి తిప్పితే బొమ్మంతా ఒక్కసారే వచ్చేస్తుంది. 1965లో కూలీ, టూకీ ఇచ్చిన వేగవంతమైన ఫోరియర్ పద్ధతి అండగా, పై ఉదాహరణలో పని కొన్ని కోట్ల లెక్కలకు దిగుతుంది. 1991లో ఇటలీకి చెందిన కాఫోరియో, ప్రాతి, రోకా ఈ ఉపాయాన్ని రాడార్‌కు తెచ్చారు. 2001లో అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాలకు చెందిన షీన్, మెక్‌మాకిన్, హాల్ మిల్లీమీటరు తరంగాలతో దుస్తుల కింద దాచిన ఆయుధాలను మూడు కొలతల్లో చూపించారు. విమానాశ్రయాల్లో చేతులెత్తి నిలబడే స్కానర్లు ఆ పరిశోధన ఫలమే.

అయితే ఫోరియర్ దారికి యాంటెన్నా నడక క్రమంగా ఉండాలి. విమానం వంకరగా పోతే తప్పులు దొర్లుతాయి. అందుకే స్వీడన్‌లో ఉలాండర్ బృందం 2003లో బ్యాక్‌ప్రొజెక్షన్‌నే వేగవంతం చేసింది: దారిని చిన్న ముక్కలు చేసి, ముందు మోటు బొమ్మలు కట్టి, వాటిని జతలు జతలుగా కలుపుతూ పోయింది. వేగమెంత పెరిగినా, కొత్త పద్ధతి నాణ్యతను ఈనాటికీ ఎక్కువగా సరిచూసుకునేది ఆ పాత నెమ్మది బ్యాక్‌ప్రొజెక్షన్ బొమ్మతోనే.