తేల్ కా రాస్తా: బుల్లెట్ మిస్త్రీల రాయని తారీఖ్

మన మొహల్లాల్లో బండి బాగుచేసేవాణ్ణి మెకానిక్ అనరు, మిస్త్రీ అంటారు. నాలుగు వెంట్రుకలు తెల్లబడితే ఉస్తాద్ అంటారు. ఆలిముల మీద కితాబులున్నాయి, షాయర్ల మీద తజ్కిరాలున్నాయి. మిస్త్రీల మీద మాత్రం నేను చదివిన ఉర్దూ స్కూల్లో గానీ, తర్వాత చేసిన తెలుగు డిగ్రీలో గానీ ఒక్క పేజీ కూడా కనబడలేదు. పొద్దున్నే ఫజర్ చదివి షెడ్డు తీసి, ఇషా దాకా నల్లబడిన చేతులతో కూర్చునే మనోళ్లు ఎన్ని వేల మందో! వాళ్ల ఇల్మ్ ఏమిటో వాళ్ల ఇంట్లోవాళ్లకే సరిగ్గా తెలీదు.

కదిరి నుంచి మదనపల్లె పోయే రోడ్డు మీద తనకల్లు. చుట్టూ వేరుశనగ చేలు, వాన పడితే పంట, లేకుంటే బెంగళూరు బస్సు. ఆ ఊళ్లో ఒక ఉస్తాద్ ఇంటి ముందు వసారానే షెడ్డుగా చేసుకుని పాత బుల్లెట్లు మాత్రమే చూసేవారు. ఒక వైసు, ఒక బ్లో ల్యాంపు, కిరసనాయిలు పోసిన రేకు పళ్లెం, గోడకి వరసగా స్పానర్లు. ఇంతే సరంజామా. ఆయన దగ్గర నేను పదేపదే విన్న మాట: "తేల్ కా రాస్తా ఖుల్లా రైనా బేటా." నూనె దారి తెరిచి ఉండాలని. (ఇంట్లో తేల్ అంటే నూనె, పక్కింట్లో తేలు అంటే కుట్టేది. చిన్నప్పుడు ఈ రెంటి మధ్య మనమంతా ఎంత నవ్వుకున్నామో గుర్తుందిగా.)

ఆ రాస్తా ఏమిటో చెప్పాలి. పాత కాస్టైరన్ బుల్లెట్‌లో నూనె క్రాంకు కింద నిలవ ఉండదు. క్రాంక్‌కేసు వెనక భాగంలో, అదే పోతలో, దానికో ట్యాంకు. దీన్ని డ్రై సంప్ అంటారు. పంపులు రెండు. ఒకటి ట్యాంకులోని నూనెను ఫెల్ట్ ఫిల్టర్ గుండా తోసి క్రాంకు గర్భంలోంచి బిగ్ ఎండ్‌కి చేరుస్తుంది. రెండోది కింద జారిన నూనెను లాగి తిరిగి ట్యాంకుకి తెస్తూ, దారిలో బయటి సన్నగొట్టం ద్వారా పైన రాకర్లకి ఇస్తుంది. క్రాంకు చివర ఒక వర్మ్ నట్టు. అది తిరిగి టైమింగ్ కవర్లో ఏటవాలుగా ఉన్న కడ్డీని నిదానంగా తిప్పుతుంది. ఆ కడ్డీ కొసల్లో నడిమధ్యన కాకుండా పక్కకి ఒక్కో మేకు. ఆ మేకు గుండ్రంగా తిరుగుతుంటే పంపు పిస్టన్ ముందుకీ వెనక్కీ ఆడుతుంది.

ఇది మొదటిసారి విప్పి చూపించినప్పుడు నాకు అల్-జజరీ జ్ఞాపకమొచ్చాడు. ఇప్పటి తుర్కియేలోని దియార్ బక్ర్‌లో అర్తుఖీ పాలకుల కొలువులో ఉన్న కారీగర్. 1206లో పూర్తయిన ఆయన కితాబులో నీళ్లెత్తే యంత్రాల మధ్య రెండు సిలిండర్ల పంపు ఒకటుంది. అక్కడా తిరిగే చక్రం మీద పక్కకి బిగించిన మేకే పిస్టన్లని ఆడిస్తుంది. దాన్నుంచే ఇది పుట్టిందని నేననను, అలా అనడం మనకు కొంచెం ఎక్కువే అలవాటు. నన్ను ఆపేసింది వేరే సంగతి. ఆయన కేవలం తయారుచేసి ఊరుకోలేదు. సుల్తాన్ హుకుం మీద కొలతలతో సహా, బొమ్మలు గీసి, మరొకడు చదివి మళ్లీ చేసుకోగలిగేలా రాశాడు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత ఆయన పేరు మనకు తెలిసింది అందుకే.

మోటార్ సైకిళ్ల తొలినాళ్లలో నూనె తిరిగి వచ్చేది కాదు. నడిపేవాడే పోతూ పోతూ చేత్తో పంపు కొట్టేవాడు. ఆ నూనె కొంత కాలిపోయి, కొంత రోడ్డు మీద కారిపోయేది. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు 1913 ప్రాంతంలోనే తమ చిన్న వి-ట్విన్ బండికి నూనె తిరిగొచ్చే పద్ధతి పెట్టారు, దానికి గాజు ట్యాంకు కూడా. ఆ వంశానిదే మన బుల్లెట్. 1949 నుంచి ఇండియాలో అమ్ముడైంది, సరిహద్దు గస్తీకి సర్కారు ఎంచుకున్నాక 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. ఇంగ్లండ్ కంపెనీ 1970 నాటికి మూతబడింది. 1977లో మద్రాసు బుల్లెట్ ఇంగ్లండ్‌కే ఎగుమతైంది.

అయితే ఆ ఇంజను లెక్కలు వేసింది చల్లని దేశంలో. ఇక్కడ బండి మీద ముగ్గురు మనుషులు, మధ్యలో వేరుశనగ మూట, పైన మే నెల. బిగ్ ఎండ్‌లో ఉండేది ఫ్లోటింగ్ బుష్. నూనె పొర మీద తేలుతూ తిరిగే బుష్షు అది. నూనె కాస్త తగ్గినా గీసుకుంటుంది. మిస్త్రీలు ఏం చేశారు? కొందరు బుష్షు తీసి రోలర్ బేరింగు వేశారు. కొందరు పంపునే పెంచారు. పంపు డిస్కు రంధ్రాన్ని రీమరుతో పెద్దది చేయించి, లేత్ మీద దానికి లావుపాటి పిస్టన్ తీయించి, డిస్కు ముఖాన్ని అద్దం మీద పేస్టు రాసి గంటలకొద్దీ రుద్దడం. రెండు ముఖాలు వెంట్రుకవాసి ఎడం లేకుండా అతుక్కుంటేనే అది పంపు, లేకుంటే ఇనుప బిళ్ల.

ఇక్కడే అసలు హునర్ బయటపడేది. నూనె ఎక్కువ పంపితే మంచిదే కదా అని చాలామంది పంపే పంపునే పెద్దది చేసి వదిలేసేవారు. వారం తిరక్కుండా క్రాంక్‌కేసు నిండిపోయి, కిక్కు గట్టిపడి, సైలెన్సర్ నుంచి నీలం పొగ. ఉస్తాద్ సూత్రం ఒక్కటే: "ఆనేవాలా జానేవాలేసే బడా హోనా." తెచ్చేది పంపేదాని కంటే పెద్దదిగా ఉండాలి. కంపెనీ ఇంజనీర్ల లెక్క కూడా ఇదే, డ్రై సంప్ అంతా ఈ ఒక్క షర్తు మీదే నిలబడుతుంది. ఆయన ఏ కాలేజీలోనూ చదవలేదు. చెడిన ఇంజన్లు విప్పీ విప్పీ తెలుసుకున్నారు.

టూ-స్ట్రోక్ బండ్లలో కథ తలకిందులు. 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350కి, 1985 నాటి ఆర్‌ఎక్స్ 100కి యాక్సిలేటర్‌ని బట్టి నూనె కొలిచి ఇచ్చే పంపు ఉండేది. మన మిస్త్రీలు చాలాచోట్ల దాన్ని మూసేసి, నూనె నేరుగా పెట్రోల్లో కలిపించారు. పంపు ఆగిపోతే తెలియదు, కలిపితే కళ్లకు కనిపిస్తుందని వాళ్ల దలీల్. ఈ విషయంలో నేను పంపు వైపే. ఘాట్ దిగేటప్పుడు యాక్సిలేటర్ మూస్తే పెట్రోలుతో పాటు నూనె కూడా ఆగుతుంది, ఇంజను మాత్రం జోరుగానే తిరుగుతుంటుంది. అందుకే ఆ మిస్త్రీలే "దిగుడులో అప్పుడప్పుడు రేజ్ చేస్తూ పో" అని చెప్పి పంపేవారు.

ప్రపంచం గుర్తుపెట్టుకున్న ఇంటి మిస్త్రీ కూడా ఒకాయన ఉన్నాడు. న్యూజిలాండ్‌లో ఇన్వర్‌కార్గిల్ ఊరివాడు బర్ట్ మన్రో. 1920 నాటి ఇండియన్ స్కౌట్ బండిని దశాబ్దాల పాటు తన షెడ్డులోనే మార్చుకుంటూ పోయాడు. పిస్టన్లు తనే పోత పోసుకున్నాడు, నూనె పద్ధతి కూడా తనే తయారుచేసుకున్నాడు. 1967లో అమెరికాలో బోనవిల్ ఉప్పు మైదానంలో గంటకు 295 కిలోమీటర్లు దాటించాడు. ఆయన మీద సినిమా వచ్చింది. ఆయన రికార్డు కోసం మార్చాడు, మనోళ్లు రేపు సంతకి బండి కావాలన్న రైతు కోసం మార్చారు. ఎవరి మెహనత్ ఎక్కువో తూచలేను గానీ, ఎవరి పేరు మిగిలిందో కనిపిస్తూనే ఉంది.

2008 తర్వాతి బుల్లెట్ ఇంజన్లలో నూనె కిందే ఉంటుంది. కాగితం ఫిల్టరు, రోటర్ పంపు. రుద్దడానికి డిస్కు లేదు, రీమరుకి పని లేదు. షాగిర్దులు షోరూమ్ సర్వీసుల్లో చేరిపోతున్నారు, నెల జీతం వస్తుంది, తప్పు పట్టను. పాత బండి ఇంకా ఇంట్లో ఉన్నవాళ్ల కోసం ఉస్తాద్ పద్ధతి కొంత ఇక్కడ రాస్తున్నాను. కుర్రాళ్లకు చూపించండి.

ఫెల్ట్ మార్చాక ఫిల్టర్ అర ఖాళీగా ఉంచి కిక్కు కొట్టవద్దు. అది నిండేదాకా బిగ్ ఎండ్‌కి నూనె అందదు. అర నిండా నూనె పోసి, ఆ తర్వాతే మూత బిగించాలి. బండి స్టార్ట్ చేశాక పైన రాకర్ గొట్టం బాంజో బోల్టుని కొంచెం వదులు చేసి చూడాలి. నూనె చెమ్మగిల్లి కారితే తెచ్చే పంపు పనిచేస్తున్నట్టు. పంపేదాన్ని టైమింగ్ కవర్ దగ్గరే విడిగా చూసుకోవాలి. నెలల తరబడి నిలిపిన బండైతే ట్యాంకులోని నూనె కిందికి జారి ఉంటుంది, ముందు కింది డ్రెయిన్ బోల్టు విప్పి దాన్ని దించాలి. ఇక వర్మ్ నట్టు జోలికి పోతే, అది ఎడమ మర. అందరిలా తిప్పితే వదులవదు, ఇంకా బిగుస్తుంది.