ఆముదం పట్టించుకున్న మోటారు

ఆముదం అనగానే మనకి పసిపిల్లల మాడు, అమ్మమ్మల జడలు గుర్తొస్తాయి. ముల్తానీ మట్టి అంటే మొహానికి పూసుకునేదే కదా అంటాం. ఈ రెండూ ఒకప్పుడు మోటారు కార్ల వైద్యంలో ఉండేవంటే నమ్ముతారా?

హైదరాబాదులో ఆబిడ్స్‌కి ఆ పేరు ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన దుకాణం వల్ల వచ్చింది. ఆయన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి ఆంతరంగిక సేవకుడు. ఆ నిజాంగారే ఇంగ్లండులోని రోల్స్‌రాయిస్ వాళ్ళకి ఒక కారు పురమాయించారు. బయట పసుపు రంగు, లోపల సింహాసనం లాంటి ఎత్తయిన ఆసనం! తీరా అది చేతికందక ముందే, 1911 ఆగస్టులో, ఆయన కన్నుమూశారు. 1912 నాటి ఆ 'సిల్వర్ ఘోస్ట్' కొడుకు ఉస్మాన్ అలీఖాన్ పరమయింది. ఇన్నేళ్ళలో అది తిరిగింది 356 మైళ్ళేనని చెప్పుకుంటారు. ఇప్పుడు చౌమహల్లా పాలెస్‌లో సందర్శకుల ముందు కొలువుతీరి ఉంది.

ఆ కాలపు కార్లలో క్లచ్ గరాటు ఆకారంలో ఉండేది. గ్లాసులో గ్లాసు దూర్చినట్టు ఒకదాంట్లో ఒకటి బిగుసుకుంటే ఇంజను బలం చక్రాలకి అందేది. పెడల్ తొక్కితే రెండూ విడిపోయేవి. మధ్యలో చాలా బళ్ళకి తోలు పట్టీ ఉండేది. తోలు కదండీ, ఎండితే మొరాయిస్తుంది. ఉన్నట్టుండి పట్టేసి, కారు ఎగిరి గంతేసేది. అప్పుడు దానికి ఆముదం పట్టించేవారు. ఆముదం ఎక్కువైందా, పట్టు తప్పి జారడం! జిడ్డు పీల్చడానికి ముల్తానీ మట్టి చల్లేవారు. తలంటు రోజున నూనె, దాని వెనకే సున్నిపిండి... మనకి తెలియని వైద్యమా ఇది?

తరవాత పళ్ళెం లాంటి క్లచ్‌లు వచ్చాయి. వాటితో మరో తంటా. పెడల్ మీద కాలు పెట్టగానే కొంతమేర ఊరికే, బరువు లేకుండా దిగాలి. పాత కార్లలో చాలావాటికి ఇది ముప్పాతిక అంగుళం నుంచి అంగుళం దాకా ఉంటుంది. మెకానిక్కులు దీన్ని 'ప్లే' అంటారు. క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ ఈ ఖాళీ తగ్గిపోతుంది. పూర్తిగా పోతే, మనం తొక్కకపోయినా పెడల్ సగం తొక్కినట్టే! ప్లేటు జారి, కాలి, మాడువాసన వస్తుంది. ఖాళీ మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు. గేరు మార్చబోతే కరకరమని పళ్ళు కొరుకుతుంది.

వైద్యం చాలా చిన్నది. కారు కింద ఒక కడ్డీ, దాని మీద ఒక నట్టు, దాన్ని కదలకుండా పట్టే మరో నట్టు. కాస్త తిప్పడం, పెడల్ నొక్కి చూడడం, మళ్ళీ కాస్త తిప్పడం. ఉస్తాద్‌లు స్కేలు పట్టుకోరు, అరిచేత్తో నొక్కి చెప్పేస్తారు.

నాంపల్లి స్టేషన్ 1907లో వెలిసింది. అక్కణ్ణించి ఆబిడ్స్‌కి పట్టుమని రెండు కిలోమీటర్లు లేవు. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. బస్సంటే ఆగుతూ, కదులుతూ పోవాలి. ఆగిన ప్రతిచోటా డ్రైవరు ఎడమకాలికి పనే. సింహాసనం కారుకి రాని అరుగుదల వాటికి వచ్చింది. తిరగని కారు మాత్రం క్షేమమా అంటే అదీ కాదు. ఏళ్ళ తరబడి కదలకుండా నిలబెడితే క్లచ్ అతుక్కుపోవచ్చు. వాడితే అరుగుతుంది, దాస్తే పట్టేస్తుంది! బీరువాలో పట్టుచీరలు దాచుకునేవాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈనాటి కార్లలో చాలావాటికి ఆ నట్టు లేదు. తమంతట తామే సర్దుకునేవి కొన్ని, క్లచ్ పెడలే లేనివి కొన్ని. కారు పాతదైతే కంపెనీ పుస్తకం ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికినా దొరకొచ్చు. అరిచేతిలోని ఆ అంచనా మాత్రం అచ్చులో దొరకదు. ఉస్తాద్ పక్కన నిలబడి చూసి నేర్చుకునే కుర్రాడు ఉండాలి. పాత కార్లు ఎన్ని మిగిలాయని లెక్కపెట్టేవాళ్ళు, అలాంటి కుర్రాళ్ళు ఎందరున్నారో కూడా లెక్కపెడితే బాగుండును.

ఈసారి చౌమహల్లాకి వెళితే సింహాసనం చూసి వచ్చేయకండి. డ్రైవరు పాదం ఉండే చోటు కూడా ఒక్కసారి చూసి రండి.